రాత్రి బస ముందు, బండి తరువాత: విజయనగరం, శ్రీకాకుళం కుటుంబాలకు క్యాంపర్ వ్యాన్, గుడారం, ఏటీవీ ఎంపిక సలహా

కిందటి డిసెంబరులో ఇంటిల్లిపాదీ కూర్చుని అరకు ప్రయాణం గురించి మాట్లాడుకుంటుంటే, మా అమ్మాయి ఫోనులో ఒక క్యాంపర్ వ్యాన్ ఫొటోలు చూపించింది. లోపల మడత మంచాలు, చిన్న వంటగట్టు, కిటికీకి పూల తెర, వెనుక మూలన బుల్లి స్నానాలగది. అందరి ముఖాలూ వెలిగాయి. డెబ్బై రెండేళ్ల మా నాన్నగారు ఫొటోలన్నీ ఓపికగా చూసి, "పడుకోవడానికి బాగానే ఉందమ్మా. పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో అది చెప్పు" అన్నారు.

ఆ ప్రశ్నకు అప్పుడు మా ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు వెతుకుతూ ఏడాదిలో మూడు ప్రయాణాలు చేశాం. విజయనగరం నుంచి అరకుకు ఒకసారి క్యాంపర్ వ్యాన్‌లో వెళ్లాం, మరోసారి సొంత కారులో గుడారం వేసుకుని వెళ్లాం. మూడోసారి వ్యాన్‌లోనే శ్రీకాకుళం తీరం వెంట ఇచ్ఛాపురం దాకా వెళ్లి వచ్చాం. మధ్యలో పిల్లల కోరిక మీద ఏటీవీలు, అంటే ఆ లావు చక్రాల మట్టిదారి బళ్లు కూడా తోలాం. ఇప్పుడు చుట్టాలు, స్నేహితులు ఎవరు అడిగినా ఒకే మాట చెబుతున్నాను: ముందు రాత్రి ఎక్కడ ఆగుతారో, తెల్లవారాక నీళ్లూ మరుగుదొడ్డీ ఎక్కడో తేల్చుకోండి. బండి సంగతి ఆ తరువాత.

అలా తేల్చుకుంటే ఎంపిక దానంతటదే కుదురుతుంది. తీరం వెంట తిరగాలనుకుంటే క్యాంపర్ వ్యాన్ మంచిది. అరకు కొండలకైతే సొంత కారులో వెళ్లి కాటేజీలో దిగి, ఇష్టమున్న వాళ్లు ఒక్క రాత్రి గుడారంలో పడుకోవడం మంచిది. ఏటీవీ గంటసేపటి సరదా. దాని చుట్టూ సెలవులన్నీ అల్లుకోవద్దు. సముద్రపు ఇసుక మీద మాత్రం అసలే వద్దు.

అమెరికా వీడియోల్లో కనిపించనిది

క్యాంపర్ వ్యాన్ మీద మన వాళ్ల మోజు చాలావరకు అమెరికాలో ఉన్న పిల్లలు పంపే వీడియోల వల్ల వచ్చింది. అక్కడ ఇలా ఇల్లులా వాడుకునే బళ్లను ఆర్‌వీలు అంటారు. ఆర్‌వీ పార్కు అంటే ఒక్కో బండికి గీత గీసి ఇచ్చిన ఒక్కో స్థలం. దాని పక్కనే కరెంటు పెట్టె, మంచినీటి కుళాయి, మురుగు గొట్టం ఉంటాయి. సాయంత్రం బండి ఆపి మూడూ తగిలించుకుంటే అది ఇల్లయిపోతుంది. ఆ సదుపాయం లేని చోట రాత్రి గడిపిన వాళ్లు కూడా మర్నాడు మురుగు ఖాళీ చేసే కేంద్రానికి వెళ్లి ట్యాంకులు కడుక్కుని వస్తారు. ఆ బళ్లను అంత సుఖంగా నడిపిస్తున్నవి ఈ ఏర్పాట్లే.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అలా మూడూ దొరికే చోటు నాకు ఎక్కడా కనబడలేదు. కాబట్టి వ్యాన్‌లో ఎంత నీళ్లు, ఎంత కరెంటు మోసుకెళ్తే అంతే. వ్యాన్ మాట్లాడుకునే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. నీళ్ల ట్యాంకు 100 లీటర్లదనుకుందాం. ఐదుగురు తలా ఒక 15 లీటర్ల బకెట్ పోసుకుంటేనే 75 లీటర్లు అయిపోతాయి. మిగిలిన పాతిక గిన్నెలకు, చేతులకు సరిపోయేసరికి మధ్యాహ్నం అవుతుంది. కరెంటు లెక్క ఇంకా కఠినం. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే అందులో ఉండేది సుమారు 1.2 యూనిట్లు. అది లెడ్ యాసిడ్ రకమైతే సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు యూనిట్ లాగుతుంది. అంటే ఇంజన్ ఆపిన అరగంటకే ఏసీ ముచ్చట తీరిపోతుంది. "ఏసీ ఉందా" అని కాకుండా "బండి ఆపి ఉంచినప్పుడు ఏసీ ఎంతసేపు నడుస్తుంది" అని అడగండి.

ఇక నాన్నగారి ప్రశ్న. ఇలాంటి వ్యాన్లలో తరచుగా ఉండేది పెట్టె మరుగుదొడ్డి. కింద ఇరవై లీటర్లకు అటూ ఇటూ పట్టే ఒక డబ్బా ఉంటుంది. ఐదుగురు వాడితే అది ఒక రోజు దాటదు. నిండాక దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలి? మా మొదటి ప్రయాణంలో డ్రైవరు రోడ్డు పక్కన ఒక గెడ్డ చూసి బండి ఆపబోయాడు. నేను ఒప్పుకోలేదు. కొండ మీద గెడ్డ నీళ్లే దిగువ ఊరి వాళ్లు తాగేవి. చివరికి ఒక హోటలు యజమానిని బతిమాలి, వాళ్ల సెప్టిక్ ట్యాంకులో పోయించాం. ఆ పనికి గంటన్నర పట్టింది. నాన్నగారు ఆ రోజంతా మంచినీళ్లు కూడా తగ్గించి తాగారని అమ్మ చెబితే రాత్రి తెలిసింది. పెద్దవాళ్లు అలా నోరు కట్టుకుని చేసే ప్రయాణం సెలవు కాదని నాకు అప్పుడే అనిపించింది.

కొండకు ఏది నయం

విజయనగరం నుంచి అరకుకు ఎస్.కోట మీదుగా బౌడారా దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అనంతగిరి, బొర్రా గుహలకు చీలే దారి, గాలికొండ, ఆ తరువాత సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ. నవంబరు, డిసెంబరు నెలల్లో దారి పొడవునా ఎర్రబడిన కాఫీ పండ్లు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, లోయలో పసుపు పరిచినట్టు వలిసె పూలు కనిపిస్తాయి. వీటిని చూడాలంటే ఎక్కడ పడితే అక్కడ ఆగగలగాలి. ఆరేడు మీటర్ల పొడవున్న వ్యాన్‌తో అది కుదరదు. చిన్న కారును పక్కకు తీసి ఆపగలిగే చోట్లు పది ఉంటే, వ్యాన్‌కు రెండో మూడో ఉంటాయి.

మలుపుల సంగతి చెబుతాను. అనంతగిరి దాటాక ఒక గట్టి మలుపులో మా వ్యాన్ ఒక్క తిప్పుకు తిరగలేదు. డ్రైవరు ముందుకు పోనిచ్చి, మళ్లీ వెనక్కి తీయాల్సి వచ్చింది. వెనుక చక్రం కాలువ అంచుకు జానెడు దూరంలో ఉంది. లోపల గిన్నెల అర తెరుచుకుని స్టీలు గ్లాసులన్నీ దొర్లిపోయాయి. మా వెనుక నాలుగు కార్లు, ఒక ఆర్టీసీ బస్సు ఆగిపోయాయి. డ్రైవరు అనుభవజ్ఞుడు కాబట్టి నిదానంగా సర్దుకున్నాడు. సొంతంగా నడుపుకునే వ్యాన్ తీసుకుని, ఘాట్ అలవాటు లేని వాళ్లు ఈ దారిలో మొదలుపెట్టడం నేను ససేమిరా ఒప్పుకోను. కారైనా సరే, దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. అది చట్టంలో ఉన్న నియమమే.

కొండకు కారు, కాటేజీ జోడీ బాగా కుదురుతుంది. పర్యాటక శాఖ హరిత రిసార్టులు అరకులోనూ అనంతగిరిలోనూ ఉన్నాయి. టైడాలో అడవి మధ్య కాటేజీలు ఉన్నాయి. ప్రైవేటు వసతులు ఇంకా ఎక్కువ. కారులో చోటు చాలకపోతే పెద్దవాళ్లను కొత్తవలసలో గానీ ఎస్.కోటలో గానీ కిరండూల్ రైలు ఎక్కించండి. సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ సాగే ఆ ప్రయాణమే వాళ్లకు సగం సెలవు. మలుపులకు కడుపులో తిప్పే వాళ్లకు ఇది మరీ మంచిది. అరకు స్టేషనులో మీరు కారుతో ఎదురువెళ్లవచ్చు.

గుడారం సంగతి

గుడారం అందరికీ పడదు. పడిన వాళ్లకు మాత్రం అంతకు మించింది లేదు. అరకు చుట్టుపక్కల ప్రైవేటు స్థలాల్లో గుడారాలు వేసి, ఉమ్మడి స్నానాలగదులు కట్టి అద్దెకిచ్చే వాళ్లు ఉన్నారు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి ఇదే సరైన పద్ధతి. సొంత గుడారం కొనేముందు ఒక రాత్రి వాళ్ల గుడారంలో పడుకుని చూడండి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ చలి పది డిగ్రీల లోపుకు దిగే రోజులు ఉంటాయి. మనం పైన కప్పుకునే వాటి గురించే ఆలోచిస్తాం గానీ, ఆ చలిలో వణికించేది కింది నేల. కప్పుకునే రగ్గులు రెండుంటే కింద పరిచేవి మూడుండాలి. మా బావమరిది పలచటి చాప మీద పడుకుని, ఒంటిగంటకు లేచి కారులోకి వెళ్లి కూర్చున్నాడు.

చలికి తట్టుకోలేక కొందరు నిప్పుల కుంపటి గుడారంలోకి తెచ్చుకుంటారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. మూసిన వ్యాన్‌లో గ్యాస్ స్టవ్ వెలిగించుకుని పడుకోవడం, ఇంజన్ నడుస్తుండగా పడుకోవడం కూడా అంతే ప్రమాదం. మన్యంలో మలేరియా ఉన్నందున దోమతెర జిప్పు సాయంత్రమే వేసేయండి. బూట్లు తొడుక్కునే ముందు విదిలించండి.

ఎక్కడ గుడారం వేయకూడదో కూడా మన ప్రాంతం వాళ్లే చెప్పగలరు. పార్వతీపురం వైపు కొమరాడ, గరుగుబిల్లి, కురుపాం చుట్టూ, ఇటు సీతంపేట కొండల్లోనూ ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు తిరుగుతున్నాయి. పొలాల మీద పడుతున్నాయి, మనుషులు కూడా చనిపోయారు. తోటపల్లి జలాశయం ఎంత అందంగా ఉన్నా దాని దరిని పగలు చూసి వెనక్కి రావాల్సిందే. ఉద్దానంలో మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. జీడిపండ్లు, పనసపండ్లు పండే వేసవిలో మరీ ఎక్కువ. తోట యజమాని సరదాపడి "ఇక్కడే పడుకోండి" అన్నా సరే, ఇంటి వాకిలికి దగ్గరగా వేసుకోండి. రాత్రి తిండి వాసన గుడారంలో ఉండనివ్వకండి. రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం కుదరదు. గిరిజన గ్రామాల పక్కన ఖాళీగా కనిపించే మెట్ట కూడా ఎవరో ఒకరి పోడు పొలమే. ఊళ్లో పెద్దలను అడిగి, ఒప్పుకుంటేనే దిగండి.

విజయనగరానికి దగ్గరలో పిల్లలకు అలవాటు చేయాలంటే తాటిపూడి వైపు వెళ్లండి. గోస్తనీ నది మీద 1963లో మొదలై 1968కి పూర్తయిన ఆ జలాశయం చుట్టూ కొండలు, ఎదురుగా నీళ్లు. పొద్దున్న వెళ్లి గుడారం వేయడం, విప్పడం, మడత పెట్టడం నేర్పి సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. చీకట్లో మొదటిసారి గుడారం వేయబోయి గొడవపడే కుటుంబాలకు ఈ ఒక్క రోజు చాలా మేలు చేస్తుంది.

తీరానికి వ్యాన్ ఎందుకంటే

మూడో ప్రయాణంలో వ్యాన్ తన విలువ చూపించింది. విజయనగరం నుంచి నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇచ్ఛాపురం దాకా విశాలమైన చదును రోడ్డు. ప్రతి పాతిక, ముప్పై కిలోమీటర్లకు బంకు, ధాబా, శుభ్రమైన మరుగుదొడ్డి. నీళ్లు నింపుకోవడానికి ఎక్కడా ఇబ్బంది లేదు. డబ్బా మరుగుదొడ్డి మేము రెండు రోజుల్లో ఒక్కసారి కూడా తెరవలేదు. అమ్మకు రాత్రి అత్యవసరమైతే అది ఉందన్న ధైర్యం మాత్రం మిగిలింది.

చూసేవి కూడా దారికి ఇరువైపులా దండ గుచ్చినట్టు ఉన్నాయి. అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, అక్కడి నుంచి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం, ఆ పక్కనే శాలిహుండం గుట్ట మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు. టెక్కలి దాటాక తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద కాపురాలు పెడతాయి. ఆపైన బారువ తీరం, మందస కోవా. ఇలా రోజుకు నాలుగైదు చోట్ల దిగి ఎక్కే ప్రయాణంలో పెద్దవాళ్లు మధ్యలో గంటసేపు నడుము వాల్చగలగడం పెద్ద వరం. శ్రీకూర్మం దర్శనం అయ్యాక నాన్నగారు పంచె సర్దుకుని వ్యాన్‌లోనే నిద్రపోయారు. మేము కిటికీలన్నీ తెరిచి, చెట్టు నీడన కూర్చుని పులిహోర తిన్నాం. ఆయనను లేపి, ఆటో ఎక్కించి, మళ్లీ ఏ గదికో చేర్చాల్సిన పని లేకపోయింది.

రాత్రి ఆపడానికి మూడు చోట్లు వెతికాం. పెద్ద బంకుల ఆవరణలో లారీల హోరుకు నిద్ర పట్టదు. దేవాలయాల సత్రాల దగ్గర అడిగితే ఒక గది తీసుకుని బండి లోపల పెట్టుకోనిచ్చారు. అందరికీ నచ్చింది ఇదే. స్నానాలు గదిలో, నిద్ర కొందరికి గదిలో, కొందరికి బండిలో. డ్రైవరుకు కూడా ఒక మంచం దొరికింది. చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. బండిలో మంచాలన్నీ మనవైతే రోజంతా నడిపిన మనిషి స్టీరింగు మీద తల వాల్చి పడుకుంటాడు. మర్నాడు మన ప్రాణాలు ఆయన నిద్ర మీదే ఆధారపడి ఉంటాయి. మూడో చోటు తెలిసినవాళ్ల కొబ్బరితోట. ఉద్దానంలో తోట ఎంత పిలిచినా బండిని కొబ్బరిచెట్టు కింద పెట్టకండి. రాత్రి గాలికి రాలే కాయ అద్దాన్ని వదలదు, గుడారంలోని తలను అసలే వదలదు. ఇసుకలోకి కూడా వ్యాన్‌ను దించవద్దు. తారురోడ్డు ఆగిన చోటే ఆపి నడవండి.

వ్యాన్ కాగితాలు చూడటం మొహమాటపడాల్సిన విషయం కాదు. మోటారు కారవాన్‌లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. టెంపోలో మంచాలు బిగించి, ఆర్‌సీలో ఆ మార్పు నమోదు చేయించకుండా అద్దెకిచ్చే బండికి ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడుతుంది. మీరే నడుపుకునే అద్దె బండి అయితే నంబరు పలక నల్లగా, అక్షరాలు పసుపుపచ్చగా ఉండాలి. తెల్ల పలక సొంత బండిని అద్దెకు తీసుకోవద్దు. బండి కదులుతున్నంతసేపు అందరూ బెల్టు పెట్టుకుని సీట్లలోనే కూర్చోవాలి. మంచం మీద పిల్లలను ఆడించడం, వంట చేయడం ఆగాకే.

ఖర్చులో దాగిన కిలోమీటర్లు

అద్దె ఎంత అని అడిగితే వ్యాన్ వాళ్లు రోజు ధర చెబుతారు. దాని వెనుక రోజుకు కనీస కిలోమీటర్లనే మాట ఉంటుంది. ఎక్కువగా అది 250కి, 300కి మధ్య ఉంటుంది. విజయనగరం నుంచి అరకుకు వెళ్లి రావడం 200 కిలోమీటర్ల లోపే. మూడు రోజులు ఉంచుకుంటే 250 చొప్పున 750 కిలోమీటర్లకు కడతారు. అంటే బండి కొండ మీద నిలబడి ఉన్నందుకు డబ్బులిచ్చినట్టే. అదే తీరానికి వెళ్తే ఇచ్ఛాపురం దాకా రానుపోను, పక్కదారులతో కలిపి ఐదువందల దాకా తిరుగుతారు. రెండు రోజుల కనీస కిలోమీటర్లు పూర్తిగా వాడుకున్నట్టు అవుతుంది. కొండకు కారు, తీరానికి వ్యాన్ అని నేను చెప్పడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

కిలోమీటర్లు మీ ఇంటి నుంచి లెక్కపెడతారా, వాళ్ల గ్యారేజీ నుంచి గ్యారేజీ దాకానా అని తప్పకుండా అడగండి. విశాఖ బండికీ హైదరాబాద్ బండికీ ఇక్కడే ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా వస్తుంది. డ్రైవరు బత్తా, టోలు, డీజిలు ఎవరివో, ట్యాంకు శుభ్రం చేయించే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. కారు పైకప్పు మీద బిగించే గుడారాలు కొందామని చూసేవాళ్లు తొందరపడకండి. అవి యాభై కిలోలు దాటుతాయి. చిన్న కార్ల పైకప్పు అంత బరువు మోస్తూ ఘాట్‌లో నడవడానికి తయారైనది కాదు. కారు పుస్తకంలో పైకప్పు బరువు పరిమితి రాసి ఉంటుంది, అది చూశాకే మాట్లాడండి.

ఏటీవీ: ఎక్కే ముందు

పిల్లలకు ఇదే ముఖ్యం కాబట్టి దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి. అరకు పరిసరాల్లో ప్రైవేటు స్థలాల్లో మట్టి ట్రాకులు వేసి ఏటీవీలు ఇస్తున్నారు. నిర్ణీత ట్రాకులో రెండు మూడు చుట్లు అన్నమాట. అమెరికాలో లాగా అడవిదారుల వెంట రోజంతా తోలుకుంటూ వెళ్లడం ఇక్కడ లేదు. ఈ బళ్లు మన దగ్గర రోడ్డు మీద తిరగడానికి రిజిస్టర్ అయి ఉండవు. కాబట్టి ట్రాకు దాటి ఊరి రోడ్డెక్కితే మూడో వ్యక్తికి దెబ్బ తగిలినా బీమా లేదు, చట్టం ముందు జవాబూ లేదు. "పక్క ఊరి దాకా తిప్పి తీసుకొస్తాం" అని ఎవరైనా అంటే వద్దనండి.

మోటారు సైకిలు బాగా నడిపేవాళ్లే ఏటీవీ మీద ఎక్కువగా పొరపాటు చేస్తారు. మనకు బండి ఒరిగితే కాలు కింద పెట్టడం అలవాటు. ఏటీవీ మీద కాలు కింద పెడితే వెనుక చక్రం దాని మీద నుంచే వెళ్తుంది. రెండు కాళ్లూ ఎప్పుడూ పాదపీఠాల మీదే ఉండాలి. మోటారు సైకిలు మలుపులో తనే ఒరుగుతుంది, ఏటీవీ ఒరగదు. మన ఒంటినే మలుపు లోపలి వైపుకు వాల్చాలి. అలా వాల్చకపోతే బండి బయటి వైపుకు తిరగబడుతుంది. పెద్దల బండి రెండువందల కిలోలు దాటుతుంది, మీద పడితే లేవదీయడం ఒకరి వల్ల కాదు. ఏటవాలు ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే అక్కడే తిప్పబోకండి. బ్రేకు పట్టి, దిగి, నడిపించే వాళ్లను పిలవండి.

యాక్సిలరేటరు కుడి బొటనవేలి కింద ఒక చిన్న మీటగా ఉంటుంది. బండి గుంతలో ఎగిరినప్పుడు పిల్లలు హ్యాండిలు గట్టిగా పట్టుకుంటారు, ఆ పట్టులో బొటనవేలు మీటను కూడా నొక్కేస్తుంది. భయపడినకొద్దీ బండి ఇంకా వేగం అందుకుంటుంది. మా అబ్బాయికి అచ్చంగా ఇదే జరిగింది. ట్రాకు చివర వేసిన పాత టైర్ల గోడ ఆపింది. అందుకే పిల్లల బండికి వేగం తగ్గించే మర బిగించి ఉందా, పడిపోతే ఇంజన్ ఆగిపోయేలా మణికట్టుకు కట్టే తాడు ఉందా అని అడగండి. చూపించమనండి, వాళ్లనే ఒకసారి లాగి ఇంజన్ ఆపి చూపించమనండి. పెద్దల పరిమాణం ఏటీవీల మీద పదహారేళ్ల లోపు వారు నడపరాదనే హెచ్చరిక అమెరికాలో బండికే అంటించి ఉంటుంది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం పదహారు నిండని వాళ్లు ఏ ఏటీవీ నడపకూడదనే అంటుంది. నేను ఆ మాటకే కట్టుబడతాను. చిన్న పిల్లలకు తప్పదనుకుంటే వాళ్ల పరిమాణపు చిన్న బండి, నడిచే వేగం, పక్కనే పెద్దమనిషి ఉండాలి. ఒక్కరి కోసం చేసిన బండి మీద ఇద్దరు ఎక్కకూడదు, పిల్లను ముందు కూర్చోబెట్టుకోవడం మరీ ప్రమాదం.

ఒక చోట ఇచ్చిన హెల్మెట్ పట్టీ తెగిపోయి, రెండు కొసలూ కలిపి ముడి వేసి ఉంది. వేలితో లాగితే ముడి జారిపోయింది. ఇంకోటి అడిగితే అన్నీ అలాంటివే అన్నారు. కట్టిన డబ్బు వదులుకుని వచ్చేశాం, పిల్లలు దారంతా మాట్లాడలేదు. మర్నాడు వేరే చోట మంచి హెల్మెట్లు దొరికాయి, అప్పుడు నవ్వారు. చున్నీ, పంచె, వదులు చొక్కా లాంటివి చక్రంలో చుట్టుకుంటాయి. పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు, మడమ కప్పే బూట్లు ఉంటేనే ఎక్కండి.

ఇక సముద్రతీరం. కళింగపట్నం నుంచి బారువ దాకా మన ఇసుక తిన్నెల మీదికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వందకు అటూ ఇటూ గుడ్లు. పైన బండి నడిస్తే ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు. పైకి వచ్చినా అగ్గిపెట్టె అంత పిల్ల చక్రపు గాడిలో పడితే గట్టు ఎక్కలేక, ఎండకూ కాకులకూ బలైపోతుంది. వన్యప్రాణి రక్షణ చట్టం ఈ తాబేళ్లను మొదటి షెడ్యూలులో పెట్టింది. బారువలో తెల్లవారుజామున తడి ఇసుక మీద తల్లి తాబేలు పైకి వచ్చి వెళ్లిన జాడ చూశాం. చిన్న ట్రాక్టరు నడిచినట్టు, రెండు వరసల గుర్తులు నీళ్ల దాకా వెళ్లాయి. మా అమ్మాయి ఆ పక్కనే చాలాసేపు గొంతుక్కూర్చుని చూసింది. ఆ తీరం మీద ఏటీవీ తిప్పుతామని ఎవరైనా అంటే ఎక్కకండి, రాత్రి టార్చిలైట్లు కూడా ఆర్పేయండి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపే వెళ్లి దారి తప్పుతాయి.

మట్టిదారిలో ఎగిరెగిరి పడే సరదా ఇంటిల్లిపాదికీ కావాలంటే బొర్రా నుంచి కటికి జలపాతానికి వెళ్లే జీపు ఎక్కండి. రాళ్లు, గుంతలు, ఒక పక్క లోయ. స్థానిక డ్రైవరు చేతిలో బండి, ఇంటివాళ్లంతా ఒకే చోట. అమ్మ కూడా ఎక్కింది. నా లెక్కలో డబ్బుకు తగిన ఆనందం ఏటీవీ కన్నా ఇందులోనే ఎక్కువ.

ఏ నెలలో

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా కొండకూ తీరానికీ రెంటికీ అనువైన కాలం. అరకులో డిసెంబరు, జనవరి శని, ఆదివారాలు మాత్రం వదిలేయండి. ఘాట్‌లో కార్ల వరుస కదలదు. తీరానికి సెప్టెంబరు చివర, అక్టోబరు నెలలో తేదీలు ఖాయం చేసుకోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ వచ్చిన రోజులు మన వాళ్లు మరిచిపోలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వింటే అడ్వాన్సు పోయినా సరే ప్రయాణం ఆపండి.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్తుంటే

అక్కడికి వెళ్లే తల్లిదండ్రులకు రెండు మాటలు. ఆర్‌వీల్లో ఎ తరగతి బస్సంత పెద్దది, బి తరగతి వ్యాన్, సి తరగతి డ్రైవరు నెత్తి మీదుగా మంచం ఉండేది. పెద్దవాళ్లతో ఐదారుగురు వెళ్తే సి తరగతే సర్దుబాటుగా ఉంటుంది. అయితే ఆ పై మంచానికి నిచ్చెన ఎక్కాలి. కింది మంచం మీకు ఇవ్వమని ముందే చెప్పండి. అద్దెలో మైళ్లకూ, జనరేటరు గంటలకూ పరిమితి ఉంటుంది. ఏటీవీ దారులంటే పశ్చిమ వర్జీనియాలోని హాట్‌ఫీల్డ్ మెకాయ్ ట్రయల్స్ పేరున్నవి. 2000లో మొదలై ఇప్పుడు వెయ్యి మైళ్లు దాటాయి. అందులో తిరగడానికి పర్మిట్ కొనాలి, హెల్మెట్ తప్పనిసరి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు సాహస క్రీడల గురించి ఏం రాశారో పిల్లల చేత చదివించుకోండి. అక్కడ ఒక్క ఎముక విరిగితే అయ్యే ఆసుపత్రి ఖర్చు మొత్తం ప్రయాణం ఖర్చును మించిపోతుంది.

మేము వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ బారువకు వెళ్తున్నాం. సత్రంలో గది మాట్లాడాం, వ్యాన్ ఇంకా మాట్లాడలేదు. ఈసారి గది చూసి రావడానికి నాన్నగారే స్వయంగా వెళ్లి, కుళాయి తిప్పి, మరుగుదొడ్డి తలుపు గడియ వేసి చూసి, సరేనన్నారు.